నలభై ఒకటో పేజీ

వైద్య కళాశాల లైబ్రరీకి వచ్చిన పెద్దావిడ కౌంటరు మీద ఒక చీటీ పెట్టింది. అందులో ఒక వైద్య పత్రిక పేరు, ముప్పై రెండేళ్ళ కిందటి సంవత్సరం, పేజీ నంబరు ఉన్నాయి.

“ఇంట్లో ఫోన్‌లో తెరిస్తే డబ్బు కట్టమని గుమ్మంలోనే నిలబెట్టేస్తోంది బాబూ. మీ లైబ్రరీకి చందా ఉందట కదా?”

విద్యార్థులకు తప్ప బయటివాళ్ళకు వీల్లేదని చెప్పబోయిన లైబ్రేరియన్, ఆమె ముఖం చూసి మనసు మార్చుకున్నాడు. తన పాస్‌వర్డ్‌తోనే పాత సంచిక తెరిచాడు. పసిపిల్లలకు వచ్చే ఒక అరుదైన జబ్బు గురించిన వ్యాసం అది.

“ఇది పాత వైద్యం అమ్మా. ఇప్పుడు మంచి మందులొచ్చాయి. కొత్త వ్యాసాలు తీసిస్తాను, మీ డాక్టరుకి చూపించండి.”

“మందులకి కాదు నాయనా. ఇంకాస్త కిందికి జరుపు.”

కింద మూడేళ్ళ పాప ఫోటో ఉంది. ‘రెండవ రోగి. చికిత్స ఫలించలేదు’ అని రాసి ఉంది.

ఆమె తెర మీద పాప గడ్డాన్ని వేలితో తాకింది.

“అప్పుడు మాకు కెమెరా ఎక్కడిది? దీన్ని ఫోటో తీసింది ఆ ఆస్పత్రివాళ్ళొక్కరే.”

లైబ్రేరియన్ ఫోటో పెద్దది చేశాడు. ఎవరూ పోల్చుకోకుండా పాప కళ్ళకు అడ్డంగా నల్లపట్టీ అచ్చువేశారు.

“ఆ పట్టీ కాస్త తీసిపెట్టు నాయనా” అందావిడ.