రెండో తాడు

శివాజీ ఫోను సముద్రంలో పడిపోయింది.

పడవ అంచు మీదికి వంగి లంగరు లాగుతుంటే జేబులోంచి జారి బుడుంగున మునిగింది. దాంతోపాటే అందులోని వాలెట్టు యాప్ కూడా మునిగింది. పడవవాళ్లంతా కొత్త ఇంజను కోసం కూడబెట్టిన డబ్బు బిట్‌కాయిన్‌గా మారి ఆ వాలెట్టులోనే ఉంది.

మిగతావాళ్లు లబోదిబోమన్నారు. పడవ నడిపే తండేలు శివాజీయే. అతను మాత్రం నవ్వాడు.

"ఏటి, కొంపలంటుకున్నట్టు సూస్తన్నారు? ఫోను పోతే ఏటయింది? పన్నెండు మాటలున్నాయి కదా! అవి కొడితే ఏ ఫోన్లోనైనా డబ్బు మల్లీ కనబడతాది."

నిజమే. వాలెట్టు తెరిచిన రోజున అది పన్నెండు ఇంగ్లీషు మాటలు ఇచ్చింది. అవే దాని తాళం చెవి. కాగితం మీద రాసుకుంటే పడవల మధ్య తడిసి చెరిగిపోతుందని, వాటిని వల పద్ధతిలోనే పంచుకున్నారు.

వాళ్ల పెద్ద వలకి రెండు తాళ్లు. ఒడ్డున నిలబడి ఒకటి పడవ ఇంటివాళ్లు లాగుతారు. రెండోది చుట్టరికం లేనివాడి చేతికిస్తారు. వల ఒడ్డెక్కాక, చేపలు నువ్వు దాచావంటే నువ్వు దాచావనే పేచీ ఉండదు. అలాగే ఆరు మాటలు శివాజీ బుర్రలో, ఆరు మాటలు సోములు బుర్రలో.

సోములు ఆ ఊరివాడు కాడు. ఎప్పుడో ఇచ్ఛాపురం వైపు నుంచి సంచి భుజానేసుకుని వచ్చి కూలికి కుదిరాడు. పలకరిస్తే తప్ప పలకడు. సాయంత్రాలు మాత్రం శివాజీ మామ్మ గురమ్మ ఎండుచేపలు తిరగేస్తుంటే పక్కన కూర్చుని ఏదో గొణుగుతుండేవాడు.

మర్నాడు శివాజీ రాజాం వెళ్లి కొత్త ఫోను కొన్నాడు. పనిలో పనిగా కొత్త వాలెట్టూ ఎంచుకొచ్చాడు.

"పాతదానికి ఏటొచ్చింది?" అన్నాడు సోములు.

"అది ఉత్త మూగది మావా. ఏదైనా అడుగుదామంటే మనిసి లేడు, నంబరు లేదు. దీనికి రాజాంలో ఏసీ ఆఫీసే ఉన్నాది. ఫోన్లో అయిదు సుక్కల రేటింగు ఏసినారు జనాలు. సొక్కా కూడా ఊరికే ఇచ్చినారు, సూడు!"

చొక్కా మీద బంగారు నాణెం బొమ్మ ధగధగలాడుతోంది. దాన్ని చూసుకుని శివాజీ మురిసిపోతున్నాడు.

అంతలో ఫోను మోగింది. రాజాం ఆఫీసు నుంచి వినోద్.

"శివాజీ గారూ, మీకెందుకండీ శ్రమ? ఆ పన్నెండు మాటలు నాకు చెప్పేయండి. మీ డబ్బు నేనే ఎక్కించేస్తాను."

సోములు వద్దనేలోపే శివాజీ తన ఆరూ గడగడా అప్పజెప్పేశాడు. ఫోను సోములు ముందుకు జరిపాడు.

సోములు ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"డబ్బు మనది, పెట్టి మనది. తాలం సెవి ఆడికెందుకురా?"

"నమ్మకం మావా, నమ్మకం! ఆడు టై కట్టుకుని కూకున్నాడు. నీకేటి తెలుసు ఇయన్నీ? సెప్పెహె!"

సోములు చెయ్యి తీశాడు. తర్వాత నింపాదిగా ఆరు మాటలు చెప్పాడు.

"తెరుచుకోవడం లేదండీ" అన్నాడు వినోద్.

సోములు మళ్లీ చెప్పాడు. ఈసారి వేరే ఆరు.

"ఏంటయ్యా పెద్దాయనా, సరిగ్గా చెప్పి ఏడువు!" వినోద్ గొంతులో మర్యాద ఎగిరిపోయింది.

"మర్సిపోనాను" అన్నాడు సోములు.

శివాజీకి ఒళ్లు మండిపోయింది.

"మర్సిపోనావా? అందరి ఇంజనూ ముంచేసి మర్సిపోనానంటావేటి? నువ్వింక నా పడవ ఎక్కకు. ఈ సాయలకే రాకు!"

పడవవాళ్లు శివాజీ వైపే నిలబడ్డారు. సోములు గురమ్మ దగ్గర కాసేపు కూర్చుని, సంచి భుజానేసుకుని బస్సెక్కేశాడు.

వారం తిరక్కుండా రాజాం ఆఫీసు మూతపడింది. మాటలు చెప్పినవాళ్లందరి డబ్బూ ఊడ్చుకుపోయింది. ఆఫీసు ముందు మూగిన గుంపులో నిలబడిన శివాజీ తన చొక్కా తానే చూసుకున్నాడు. అక్కడే విప్పి పారేసి, బనీనుతో ఇంటికొచ్చాడు.

సోములు మర్చిపోలేదని దారిలోనే అర్థమైంది. అతణ్ని ఎన్నేసి మాటలన్నాడో తలుచుకుంటే సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే భయం వేసింది. మిగిలిన ఆరు మాటలూ సోములుతో పాటే బస్సెక్కేశాయి కదా!

"మామ్మా, సోములు మావ ఎక్కడికెల్లినాడో సెప్పినాడా?"

"సెప్పనేదు. నీకు కల్లు తెరుసుకున్నాక ఇయి అప్పసెప్పమన్నాడు. టికెట్టు, డాట్రు, అంకులు, టైగరు, విండో, లెమను. దినామూ నా సేత వల్లె ఏయించీవాడు."

శివాజీ ఆ పాత మూగ వాలెట్టునే మళ్లీ తెచ్చుకున్నాడు. ఎవరికీ ఫోను చేయలేదు, ఎవరూ ఫోను చేయలేదు. పన్నెండో మాట పడగానే ఇంజను డబ్బు ఎక్కడిదక్కడే కనబడింది. సగం తాళం వినోద్ చేతికి చిక్కింది కాబట్టి, వెంటనే కొత్త మాటలతో ఇంకో ఖాతా తెరిచి డబ్బంతా అందులోకి మార్చేశాడు.

మార్చాక గుర్తొచ్చింది. ఈసారి రెండో తాడు ఎవరి చేతికివ్వాలి? ఊరంతా వెతికినా అలాంటి చెయ్యి తోచలేదు.

"తాడు లాగీవోడికి ఇయన్నీ ఎలా తెలుసు మామ్మా?"

గురమ్మ తిరగేస్తున్న చేపను పక్కన పెట్టింది.

"ఆడూ నీలాగే తండేలురా. ఇలాంటోడికే మాటలు సెప్పేసి, అందరి డబ్బూ పోతే సొంత పడవ అమ్మి ఎవుడి వాటా ఆడికిచ్చేసి, నీ దగ్గర తాడు లాగడానికొచ్చినాడు."