కిటికీ గట్టు మీద

నొప్పి కాదు, దురద. అసలు బాధ అదే. కుట్లు ఆరేటప్పుడు కడుపు మీద చీమలు పాకినట్టుంటుంది. మనిషైతే పళ్ళు బిగించుకుని ఓర్చుకుంటుంది. పిల్లికి ఏం చెప్పి ఓర్చుకోమనాలి?

అనంతలక్ష్మి సోఫా పక్కన నేల మీద కూర్చుని మల్లిని చూస్తోంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి కూతురు రాగిణి మొన్ననే ఇంటికి తెచ్చింది. కుట్లు నాక్కోకుండా మెడ చుట్టూ గరాటులాంటి ప్లాస్టిక్ కోన్ కట్టారు. తల వంచితే దాని అంచు గిన్నెకి తగిలి పెరుగన్నం చెదురుతోంది తప్ప మూతికి అందడం లేదు.

రాగిణి పుట్టాక తనకీ ఇలాంటి ఆపరేషనే చేశారు. ఆసుపత్రి వార్డులో పక్కన ఎవరూ లేరు. అప్పుడు తన మెడకీ ఇలాంటిది కట్టి ఉంటే పిచ్చెక్కేది.

పొద్దున ఆఫీసుకెళ్తూ రాగిణి గట్టిగానే చెప్పింది.

"అమ్మా, కోన్ తీయొద్దు. ఎవరొచ్చినా డోర్ తీయొద్దు."

"మరి అది తిండి తినొద్దుటే?"

"తింటుంది. కానీ పెరుగన్నం కాదు. నువ్వు దాన్ని దద్దోజనం పిల్లిని చేసేలా ఉన్నావు."

అనంతలక్ష్మి కోన్ ముడి విప్పింది.

"కాసేపే, మల్లీ."

పిల్లి తలెత్తలేదు. ఇల్లు పోయిన మనిషెవరో దాన్ని జంతువుల షెల్టర్‌లో ఇచ్చేశాడట. రాగిణి తెచ్చుకుని నెలైంది. మల్లి అన్న పేరుకి ఒక్కసారీ పలకలేదు.

అంతలో కిటికీలోంచి ఆ నీలం కారు కనబడింది.

చెత్తకుండీ పక్కన ఆగుతుంది రోజూ. వెనక సీటు నిండా దుప్పట్లు, సంచులు. ముందు సీట్లో గడ్డం మనిషి. ఏమీ చేయడు. ఈ కిటికీ వైపే చూస్తూ కూర్చుంటాడు.

దొంగైతే ఏం కావాలో తెలుస్తుంది. ఊరికే చూసేవాడికి ఏం కావాలి? ఉన్నది పరాయి దేశం, పైగా గ్రౌండ్ ఫ్లోర్. వాడికీ తనకీ మధ్య ఒక్క అద్దం.

ఆమె గబగబా బ్లైండ్స్ దించేసింది. గది మసకబారింది. మల్లి బ్లైండ్స్ అంచు ఎత్తుకుని అవతలికి దూరి, కిటికీ గట్టెక్కింది. ఎప్పుడూ అక్కడే దాని కూర్చోవడం. పిట్టల కోసమంటుంది రాగిణి.

వంటింట్లో బియ్యం కడుగుతుంటే అద్దం మీద దబదబ చప్పుడు.

తర్వాత తలుపు మీద.

అనంతలక్ష్మి తలుపు కంతలోంచి చూసింది. గడ్డం మనిషి. ఏదో అరుస్తున్నాడు, ఆ ఇంగ్లీషు ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. కిటికీ వైపు వేలు చూపించాడు. రెండు చేతులూ తన మెడ చుట్టూ పెట్టుకుని చూపించాడు.

పీక నులిమేస్తానంటున్నాడు.

బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుని కూతురికి ఫోన్ చేసింది.

"రాగీ, వాడొచ్చాడే. తలుపు బాదుతున్నాడు."

"ఎవరు, ఆ కారతనా? తీయకు. సెక్యూరిటీకి కాల్ చేస్తున్నా. కదలకు అక్కణ్ణించి."

చప్పుడు తలుపుదో తన గుండెదో తెలియలేదు. కాసేపటికి బయట రెండు గొంతులు. ఆ తర్వాత దగ్గి దగ్గి స్టార్టయిన కారు. ఆ పైన నిశ్శబ్దం.

ఫోన్ మళ్ళీ మోగింది.

"అమ్మా, మల్లికి కోన్ ఉందా?"

అనంతలక్ష్మి గడియ తీసి చూసింది, కోన్ సోఫా పక్కనే పడి ఉంది.

"అమ్మా, నిన్నే."

"కాసేపే అనుకున్నానే."

"బ్లైండ్స్ వెనక చూడు. నేను బయల్దేరాను."

తెల్లటి గట్టు మీద ఎర్రగా మరక. మల్లి కడుపు మీదికి వంగి దారం పీక్కుంటోంది. అనంతలక్ష్మి దాన్ని తువ్వాలులో చుట్టి, రాగిణి వచ్చేదాకా గుండెకి అదుముకుని కూర్చుంది.

డాక్టరు మళ్ళీ కుట్లు వేశాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి కోన్ ముడి సరిచూస్తూ రాగిణి అంది: "ఆయన సెక్యూరిటీతో గొడవేమీ పడలేదట అమ్మా. ఇంకెప్పుడూ ఇటు రానని కూడా ఒప్పుకున్నాడట. మొన్నమొన్నటి దాకా ఇక్కడే బి బ్లాక్‌లో ఉండేవాడట."

"మరి తలుపెందుకు బాదాడే?"

"పెప్పర్ కుట్లు పీక్కుంటోంది, లోపల పెద్దావిడకి చెప్పండి అన్నాడట."

"పెప్పర్ ఎవరు?"

రాగిణి పిల్లి చెవుల మధ్య నిమిరింది.

"షెల్టర్ వాళ్ళు చెప్పారు. ఇదివరకు దీని పేరు అదేనట."

అనంతలక్ష్మి కిటికీ దగ్గరికెళ్ళి బ్లైండ్స్ తాడు పట్టుకుంది. బయట చలి. ఆయన ఈ పూట కారు ఎక్కడ ఆపుకుంటాడో.

"పెప్పర్," అంది మెల్లగా.

నెల రోజులుగా పలకని ఆ తల చటుక్కున లేచింది. చూసింది మాత్రం ఆమె వైపు కాదు, మూసిన కిటికీ వైపు.

ఇన్నాళ్ళూ ఆ గట్టు మీంచి తన మనిషిని చూసుకుంటున్న పిల్లికి అడ్డం లేకుండా, అనంతలక్ష్మి బ్లైండ్స్ పైదాకా లాగింది.