పద్నాలుగు జతల పత్రకాలు

"కాండం ఒకటే. ఎత్తు తొంభై ఆరు సెంటీమీటర్లు. చూపుడువేలంత లావు. కణుపు మచ్చలు స్పష్టం."

ఇంతవరకు రాసి, రంగరాజులు కొలత టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు.

వేలూరులోని ఆ ఆసుపత్రి మూడో అంతస్తులో, ఐసీయూ తలుపు ఎదుట బెంచీల మీద ఇరవై మంది దాకా కూర్చొని ఉన్నారు. మూలన ఒక కుండీ. అందులో నడుమెత్తు పామ్ మొక్క. అందరూ తలుపునే చూస్తున్నారు. ఆయనొక్కడే మొక్కను చూస్తున్నాడు.

ఆ పని ఆయనకు అప్పగించింది భార్య సురేఖ.

గుడియాత్తం కళాశాలలో ఆయన ముప్పై రెండేళ్లు వృక్షశాస్త్రం బోధించాడు. ఆయన అడవుల నుంచి తెచ్చి ఎండబెట్టిన మొక్కలను అట్టల మీద దారంతో కుట్టింది ఆమె. మొత్తం నాలుగు వేల అట్టలు. కుట్టీ కుట్టీ, ఆకు అంచు తాకి మొక్క పేరు చెప్పేది.

ఊపిరితిత్తులకు సోకిన జబ్బు ముదిరి, పోయిన వారం మంగళవారంనాడు స్ట్రెచరు మీద లోపలికి వెళుతూ, ఆమె మాస్కు పక్కకు లాగి ఆ మూలకు వేలు చూపింది.

"ఆ చిన్న పామ్ ఏందండీ? నాకు తెలియల్యా. వేరు నుంచి కొస దాకా చూసి, వరసగా రాయండి. దాని పేరు తేలేదాకా నేను యాడికీ పోను."

వేళాకోళానికే అంది. అది ఆయనకూ తెలుసు. ముహూర్తం చూడకుండా పెళ్లి చేసుకున్న మనిషి, ఆధారం లేని వాక్యం మీద ఎర్రగీత పెట్టి విద్యార్థులను ఏడిపించిన మనిషి, ఆ ఒక్క మాటను మాత్రం వదలలేకపోయాడు.

రోజూ సాయంత్రం నాలుగింటికి ఐదు నిమిషాలు లోపలికి వదులుతారు. రోజుకొక లక్షణం ఆమెకు వినిపించేవాడు. కాండం ఒకరోజు. కాండాన్ని చుట్టుకునే ఆకుఒర ఒకరోజు. ఈనెలు ఒకరోజు. ఒక ఉదయం బస్సులో గుడియాత్తం వెళ్లి, అటక మీది పాత గ్రంథం తీసుకొని నాలుగింటికల్లా తిరిగి వచ్చాడు.

"తాటి కుటుంబమే. వర్షారణ్యంలో పెద్ద చెట్ల నీడన పెరిగే పొట్టి జాతుల పోలిక ఉంది. అయితే ఒకదానికి పత్రకం కొస చీలి ఉండాలి. ఇంకొకదానికి ఆకుఒర మీద నూగు ఉండాలి. దీనికి రెండూ లేవు."

"పత్రకాలు ఎన్ని?" ఆమె గొంతు మాస్కులోనుంచి సన్నగా వచ్చింది.

"ఆకుకు పద్నాలుగు జతలు, నడిమి ఈనెకు అటూ ఇటూ."

"అన్ని ఆకులకూనా?"

"అన్నిటికీ."

"అట్ల ఉండదే." ఆమె కళ్లు నవ్వాయి. "మళ్లీ లెక్కబెట్టండి."

మరునాడు మళ్లీ లెక్కబెట్టాడు. పద్నాలుగే. ఒక రోజు గడిచింది.

మొదటి మందు పనిచేయలేదు. రెండోదీ చేయలేదు. గురువారం మూడోది మొదలుపెట్టారు. "దీని తర్వాత ఇంకొకటి లేదు సార్" అని డాక్టర్ రంజని నేలచూపులు చూస్తూ చెప్పింది.

పక్క బెంచీ జెబరాజ్‌ది. ఒడుగత్తూరు మనిషి, చెప్పుల ఫ్యాక్టరీలో పని. వాళ్లమ్మ కూడా లోపలే ఉంది. ఆ సాయంత్రం చిన్న సీసా తెచ్చి ఇచ్చాడు.

"మా చర్చిలో జెపం చేసిన నూనె సార్. సురేఖమ్మ నొసట కొంచం రాయండి."

"నేను నమ్మను నాయనా."

"నమ్మేది నేను గదా సార్. మీరు రాస్తే చాలు."

రంగరాజులు తల అడ్డంగా ఊపి, మళ్లీ టేపు విప్పాడు. జెబరాజ్ కాసేపు చూసి మెల్లగా అడిగాడు.

"కోపం చేసుకోవద్దు సార్. ఒకమాట. దీన్ని కొలిస్తే ఆయమ్మకు నయమవుతాదా?"

రంగరాజులు వేళ్లు ఆకుకాడ మీదే ఆగిపోయాయి. చేయి చాచి ఆ సీసా తీసుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికే డాక్టర్ రంజని తలుపు తీసింది. "లోపలికి రండి సార్. ఈరోజు టైము చూసుకోవద్దు."

ఆ మాటకు అర్థం బెంచీల మీద అందరికీ తెలుసు. ఎవరూ ఆయన ముఖంలోకి చూడలేదు.

సురేఖ చేయి చల్లగా ఉంది. ఆయన జేబులోంచి సీసా తీసి, ఒక చుక్క ఆమె నొసట అద్దాడు. ఆమె కళ్లు సగం తెరిచింది.

"పేరు... తేలిందా?"

"లేదు." ఆయన నోట్‌బుక్కు తెరిచాడు. అక్షరాలు కనిపించలేదు. "పూగెల ఇంకా రాలేదు. పువ్వు చూడకుండా పేరు పెట్టకూడదు."

"ఎప్పుడు పూస్తాది?"

"పామ్ గదా. ఏండ్లు పట్టొచ్చు. పదేండ్లయినా పట్టొచ్చు."

గుండె కొట్టుకోవడం చూపే తెరమీది పచ్చగీత ఎత్తులెక్కుతూ పల్లాలు దిగుతూ నడుస్తూనే ఉంది.

"అయితే ఉండాల్సిందే" అని కళ్లు మూసుకుంది.

గీత ఆగలేదు. గంట గడిచినా ఆగలేదు. "రేపటిదాకా చూద్దాం సార్" అంది డాక్టర్ రంజని.

ఆయన బయటికి వచ్చేసరికి ఊడ్చే తంగమ్మ, పోయిన శుక్రవారంలాగే, మొక్కను కుండీలోంచి పెరికి, ప్లాస్టిక్ ఆకులన్నీ ఊడదీసి సబ్బునీళ్ల బకెట్టులో కడుగుతోంది. రంగరాజులు, పోయిన శుక్రవారంలాగే, పక్కన గొంతుకూర్చొని ఏ ఆకు ఏ రంధ్రంలో గుచ్చాలో ఆమెకు వరసగా చెప్పసాగాడు.