లొంగని తాళం కప్ప

టక్‌మంది. తాళం కప్ప నోరు తెరిచింది.

హెనింగ్ చేతిలోని ఇనప పుల్లని బల్ల మీదికి విసిరేశాడు. అది జారుకుంటూ వెళ్లి వెన్న గిన్నెలో పడింది.

"ఇదీ ఒక తాళమేనా?" అన్నాడు పళ్లు నూరుతూ.

పొయ్యి దగ్గరున్న అతని భార్య గేసా వెనక్కి తిరిగి చూసింది. వెన్నలోంచి పుల్ల తీసి, తుడిచి, అతని ముందు పెట్టి వెళ్లిపోయింది.

ఆ పుల్ల అతను పొద్దున చేసిందే. హాంబర్గ్ వీధులు ఊడ్చే బండి బ్రష్షు నుంచి ఉక్కు ఈనెలు రాలి పడుతుంటాయి. వాటిని ఏరుకొస్తాడు. ఆకురాయితో అరగదీసి, కొస వంచి, గరుకు కాగితంతో నున్నగా రుద్దుతాడు. పాత కార్ల వైపర్లలోని సన్న రేకుల్ని కూడా వదలడు. రేవులో క్రేన్ నడిపే ఉద్యోగం పోయాక, చేతులకి ఏదో ఒక పని పెట్టుకోమని డాక్టరమ్మ చెప్పింది. అలా మొదలైంది. తన చేతుల్లో ఇంత విద్య ఉందని అప్పటిదాకా అతనికే తెలీదు.

శనివారం శనివారం తాళాల క్లబ్బు. సొంత డబ్బుతో తాళాలు కొనుక్కుని, చెవి లేకుండా విప్పడం సరదాగా పెట్టుకున్నవాళ్లంతా ఒక హాల్లో చేరతారు. అందరి ముందూ బీరు గ్లాసులుంటాయి. హెనింగ్ ముందు సోడా కలిపిన ఆపిల్ రసం. ఎవరి తాళమైనా తెరుచుకుంటే మిగతావాళ్లు వేళ్ల కణుపులతో బల్లలు వాయిస్తారు. హెనింగ్‌కి మాత్రం తాళం తెరుచుకున్న ప్రతిసారీ మొహం మాడిపోతుంది.

"నీకేం రోగమయ్యా?" అంది ఇమ్కే. ఆవిడ పళ్ల డాక్టరు, క్లబ్బులో అందరికన్నా పాత మనిషి. "మేం నెలల తరబడి గింజుకుంటాం. నువ్వేమో కాఫీ చల్లారేలోపు తీసేసి, చావు కబురు విన్నట్టు కూర్చుంటావు."

"గట్టి తాళం ఒక్కటీ దొరకడం లేదు ఇమ్కే."

"అబ్బో, పొగరు చూడండి" అని నవ్వింది ఆవిడ. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. హెనింగ్ నవ్వలేదు.

సోమవారం తాళాల కొట్టుకి వెళ్లాడు. కొట్టాయన బ్రూన్స్ అతన్ని చూడగానే కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఇదీ వచ్చేసిందా?"

"మధ్యాహ్నం భోజనం లోపే వచ్చేసింది. దీనికంటే గట్టిది లేదన్నారు మీరు."

"అయ్యా, తాళాలు చేసేది దొంగల కోసం. రోజంతా కూర్చుని పుల్లలు అరగదీసుకునే మీలాంటివాళ్ల కోసం కాదు. ఏ దొంగకుంటుంది అంత ఓపిక?"

"ఉంటుంది" అన్నాడు హెనింగ్.

బ్రూన్స్ విసుక్కుంటూనే బరువైన ఇత్తడి కప్ప ఒకటి తీసిచ్చాడు.

అది నిలిచింది. రోజులు గడిచాయి. హెనింగ్ ఎన్ని ఈనెలు వంచినా లోపలి పిన్నులు మాట వినలేదు. ఇంట్లో గేసా కూనిరాగాలు తీయడం మొదలుపెట్టింది. ఒక వానపడే మధ్యాహ్నం, ఆమె వాళ్లక్కని చూడ్డానికి వెళ్లి తిరిగొచ్చేసరికి, ఇత్తడి కప్ప విడిపోయి నేల మీద పడి ఉంది.

ఆ తర్వాత కొన్ని శనివారాలు హెనింగ్ క్లబ్బుకి రాలేదు. ఇమ్కే సూపు కాచుకుని ఇంటికొచ్చింది. గేసా తలుపు సగమే తీసి, "జ్వరం" అని గిన్నె అందుకుంది. లోపలికి రమ్మనలేదు.

మళ్లీ బయటికొచ్చేసరికి సగం మనిషయ్యాడు. నేరుగా బ్రూన్స్ కొట్టుకే నడిచాడు.

బ్రూన్స్ ఈసారి వెటకారమాడలేదు. లోపలి గదిలోంచి నల్లటి తాళం కప్ప తెచ్చాడు. "ఇందులో పిన్నులుండవు. ఒకదాని వెనక ఒకటి తిరిగే బిళ్లలుంటాయి. ఇదీ వచ్చేస్తే ఇంక నా కొట్టుకి రాకండి."

వంటింటి బల్ల మీద మళ్లీ పోరు మొదలైంది. ఈనెలు విరిగాయి. వైపరు రేకులు మెలికపడ్డాయి. హాక్సా బ్లేడు అరగదీసి చేసిన పుల్ల కొస లోపలే తెగిపోతే, దాన్ని బయటికి లాగడానికే పూట పట్టింది. వేళ్ల నిండా బొబ్బలు. నోటి నిండా బూతులు. తాళం కిక్కురుమనలేదు.

"బారు తెరిచే వేళయింది, కిందికెళ్తున్నా" అంది గేసా. గుమ్మం దగ్గర ఆగింది. "ఇంకా రాలేదా?"

"లేదు."

"నిజంగానే ప్రయత్నిస్తున్నావా? నన్ను మభ్యపెట్టడానికి కాదు కదా?"

అతను బొబ్బలెక్కిన వేళ్లు చాచి చూపించాడు. ఆమె కాసేపు వాటిని పట్టుకుని నిలబడి, కిందికి వెళ్లింది.

శనివారం ఆ నల్ల కప్పని క్లబ్బుకి తీసుకెళ్లాడు. అందరి ముందూ పొద్దుపోయేదాకా ప్రయత్నించాడు. చొక్కా తడిసిపోయింది. తాళం బిగదీసుకునే ఉంది. బల్లలు వాయించేవాళ్లు జాలిగా చూశారు.

ఇమ్కే కుర్చీ దగ్గరికి లాక్కుంది. "బాధపడకు. ఈ రకానికి మామూలు పుల్లలు పనికిరావు. వేరే పనిముట్టు చేసుకోవాలి. నేనొకసారి చేశాను. కాయితం ఇలా ఇవ్వు, బొమ్మ గీసి చూపిస్తా."

హెనింగ్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దు ఇమ్కే. ఎప్పటికీ చెప్పకు."

ఇమ్కే తెల్లబోయింది. అతను తాళం కప్పని జేబులో వేసుకుని లేచాడు. క్లబ్బులో చేరాక అతను నవ్వడం చూసింది ఆ రోజే.

ఇంటికెళ్లగానే హెనింగ్ ఆ కప్పని గేసా బారు వెనకున్న మందు సీసాల గదికి వేసి, చెవులన్నీ ఆమె చేతిలో పెట్టి, "కాళ్లు పట్టుకుని ఏడ్చినా నాకివ్వకు" అన్నాడు.