సబీహా కొంగ

కాలేజీ గోడ దాటగానే కొంగ ఇక తన చేతిలో లేదని సబీహాకు తెలిసిపోయింది. రిమోట్ ఎటు తిప్పినా అది వినడం లేదు. రెక్కలు టపటపలాడించుకుంటూ వెనక ఉన్న చేపల చెరువుల మీదుగా వెళ్లి, కొబ్బరిచెట్ల అవతల కనబడకుండా పోయింది.

అది నిజం కొంగ కాదు. చల్లపల్లి దగ్గర ఆ కాలేజీలో జరుగుతున్న విద్యార్థుల రోబో పోటీకి ఆమె చేసి తెచ్చిన యంత్రం. మిగతా జట్లన్నీ బుద్ధిగా నాలుగు ఫ్యాన్ల డ్రోన్లు తెచ్చుకున్నాయి. ఈ మహాతల్లి ఒక్కతే రెక్కలాడిస్తూ ఎగిరేదాన్ని చేసింది. పైగా చెరువు గట్ల మీద ఏరుకొచ్చిన అసలు కొంగ ఈకల్ని ఒక్కొక్కటే దానికి అంటించింది. కొత్త రకాలకూ చోటివ్వాలని నిర్వాహకులతో పోట్లాడి దాన్ని పోటీలో పెట్టించింది ఆమె లెక్చరర్ హెప్సిబా. జడ్జి జానకిరామ్‌కు మాత్రం మొదటినుంచీ ఈ వ్యవహారం గిట్టలేదు.

"ఎన్ని ఈకలంటించినా బొమ్మ బొమ్మేనమ్మా. చిన్నపిల్లాడు కూడా మోసపోడు" అని ఎగరేయకముందే తేల్చేశాడాయన. ఇప్పుడది చెయ్యిదాటి పోయేసరికి ఇంకో మాట కూడా కలిపాడు. భోజనాల వేళకల్లా దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టకపోతే సబీహా పోటీలో లేనట్టే. వచ్చే ఏడు నుంచి నాలుగు ఫ్యాన్లవి తప్ప వేరే వాటిని రానిచ్చేది కూడా లేదు.

అది ఎవరి నెత్తిన పడినా తన మెడకే చుట్టుకుంటుందని గొణుక్కుంటూ జానకిరామే జీపు తీశాడు. సబీహా హెప్సిబా పక్కన కూర్చుంది. చూపంతా రిమోట్‌లోని పచ్చ లైటు మీదే ఉంది. అది వెలుగుతోందంటే కొంగ ఎక్కడో ఒకచోట ఇంకా రెక్కలాడిస్తోందన్నమాట. ఆరిపోకూడదని లోలోపల దువా చేసుకుంటోంది. జీపు చెరువుల దారిలోకి మళ్లగానే ఆ లైటు ఠక్కున ఆరిపోయింది.

"నీళ్లలో పడిపోయింది మేడమ్" అంది ఏడుపు గొంతుతో.

హెప్సిబా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడకూ భయంగానే ఉంది. అక్కడా ఇక్కడా వెతుకుతూ, ఒక్కో చెరువూ తొంగిచూస్తూ చివరి చెరువు దగ్గరికి చేరేసరికి భోజనాల వేళ కావస్తోంది.

అక్కడ కావలి పాక ముందు చెరువు కాపలాదారు జక్కయ్య నిలబడి ఉన్నాడు. మొలలో ఉండేలు, చేతిలో పార, మోచేతుల దాకా బురద. జీపులోంచి మెడలో కార్డులు వేలాడుతుండగా దిగిన మనుషుల్ని చూడగానే అతని ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది.

తెల్లకొంగ ఒకటి ఇటు వచ్చిందా అని జానకిరామ్ గద్దించాడు.

"కొంగాండీ? ఈ చుట్టుపక్కల అసలు కొంగలే లేవండీ" అన్నాడు జక్కయ్య. అతని వెనక గట్టు నిండా కొంగలే.

సబీహా చూపు పాక పక్కకు పోయింది. అప్పుడే కప్పిన తడిమట్టి, అందులోంచి పైకి పొడుచుకొచ్చిన తెల్ల ఈక. వేలెత్తి చూపించింది.

జక్కయ్య చేతిలో పార జారిపోయింది. అక్కడికక్కడే మోకాళ్ల మీద కూలబడ్డాడు. పోయిన నెల అటవీశాఖ వాళ్లు వచ్చి, పక్షుల్ని చంపితే జైలేనని చెప్పి వెళ్లారట. వీళ్లు వాళ్లేననుకున్నాడు పాపం. చేపల మీదికి వస్తోందని బెదిరించడానికే ఉండేలుతో కొట్టానని, తగులుతుందనుకోలేదని, ఇంట్లో వాళ్లకు తాను తప్ప దిక్కు లేదని చేతులు జోడించి మొరపెట్టుకున్నాడు.

జానకిరామ్ కాసేపు అతని వంక, మట్టి వంక మార్చి మార్చి చూశాడు.

"కొట్టావు సరే. చేతిలోకి తీసుకున్నాకైనా తెలియలేదా నీకు?"

"తెలిసిందండీ. కొనూపిరితో రెక్కలు కొట్టుకుంటా ఉంది. చూడలేక, ముక్కు తెరిచి గుక్కెడు నీళ్లు పోశాను బాబుగారూ. అవి గొంతు దిగాయో లేదో, పేణం పోయింది."