చిటికెడు

"ఈ కుకీలు కూడా మాడిపోతే పిల్ల ఇక ఎప్పటికీ నోరు విప్పదేమో," ఒవెన్ వేడెక్కకముందే పైకి అనేసింది నాంచారమ్మ.

అందరి పిల్లల్లాగే కూతురు లాస్య మెడలోనూ మాట్లాడే పూస ఉంది. ఏడాదిగా ఏమడిగినా లాస్య తరఫున బదులు చెప్పేది అదే. కుకీలు నచ్చితే లాస్య తనే మాట్లాడుతుందని నాంచారమ్మ ఆశ. అందుకే ఈసారి అవి రుచిగా రావడానికి పూస చెప్పినట్టే ఆమె వెన్నను ఎర్రగా కాచింది, చాక్లెట్ ముక్కలు కలిపిన ముద్దను ఒక పూట ఫ్రిజ్‌లో ఉంచింది. చివరికి పైన చల్లడానికి ఉప్పు తీసింది.

"ఎన్ని గ్రాములు?" అంది పూస.

"చిటికెడు."

"ఆ కొలత నాకు తెలియదండీ."

ఎక్కువైపోతుందేమోనని నాంచారమ్మ చెయ్యి ఆగిపోయింది. పక్కనే ఉన్న లాస్య పూసను గుప్పిట్లో మూసేసి, రెండో చేత్తో తల్లి వేళ్లను దగ్గరికి నొక్కింది.

"ఇంతేగా అమ్మా," అంది, బొంగురుపోయిన సొంత గొంతుతో.