జోగయ్య తుపాకీ ఫైలు

“మళ్లీ ఓ కాగితం తగ్గింది,” అన్నాడు ఎస్సై దేవేంద్ర, వేరుశెనగ చేను గట్టు మీద నిలబడి ఫైలు తిరగేస్తూ.

జోగయ్య తల గోక్కున్నాడు. “ఏటి బాబూ తగ్గింది?”

“తుపాకీ ఒడిశాలో కొంటానన్నావుగా. అక్కడి కొట్టువాడిచ్చిన కొటేషన్ ఏది?”

“పెట్టినాను బాబూ. అందులోనే ఉన్నాది, సూడండి.”

“ఉంటే కనబడదా?”

అడవి పందుల నుంచి పంట కాపాడుకోవడానికి తుపాకీ లైసెన్సు కావాలని, విత్తనం వేసిన నెలలోనే జోగయ్య దరఖాస్తు పెట్టాడు. నిరుడు సగం చేను పందులు తవ్విపోశాయి. ఈ ఏడూ పోతే కోటబొమ్మాళి సంతకు ఒట్టి గోనెసంచులు మోసుకెళ్లాల్సిందే. తుపాకుల కొట్టేమో దగ్గర్లో ఒడిశాలోనే ఉంది. పక్క రాష్ట్రంలో కొనాలంటే ఇక్కడి ఆఫీసు అభ్యంతరం లేదని రాయాలి, అక్కడి ఆఫీసు సరేననాలి, ఇంటికి తెచ్చుకోవడానికి ఇంకో పర్మిట్ కావాలి. పందులు మాత్రం ఏ కాగితమూ లేకుండా అటూ ఇటూ తిరుగుతున్నాయి.

ఫైలు టపాలో పంపితే ఆలస్యమని, స్టేషన్ నుంచి పై ఆఫీసుకూ, అక్కడి నుంచి స్టేషన్‌కూ జోగయ్య చేతికే ఇచ్చి పంపేవారు. మొదటిసారి పట్టా పుస్తకం జిరాక్సు పోయింది. తర్వాత డాక్టరు సర్టిఫికెట్, ఆ తర్వాత ఫోటోలు. ఒకటి పోతే చాలు, ఎంక్వయిరీ మొదటికొచ్చేది. జీపు హారన్ కొట్టుకుంటూ దిగేది, కానిస్టేబుళ్లు ఈలలు వేస్తూ పొదలన్నీ వెతికేవారు.

“ఇన్నిసార్లు వచ్చాం, ఒక్క పందీ కనబడలేదేమయ్యా? రిపోర్టులో ఏం రాయమంటావు?”

“మీ హారన్ ఇన్నాయంటే పదిహేను రోజులు ఇటు రావు బాబూ.”

“పంట చూస్తే బాగానే ఉంది. నష్టమేదీ?”

“అంతా మీ దయ.”

దేవేంద్రకు జాలి కలిగింది. “పోనీలే. కొటేషన్ సంగతి పైవాళ్లతో నేను మాట్లాడతాను. ఈ వారంలోనే లైసెన్సు ఇప్పిస్తా.”

జోగయ్య కంగారుపడ్డాడు. “వొద్దు బాబూ. నా ఒక్కడి గురించి రూలు తప్పీకండి. ఇరవై రోజుల్లో కాయ పీకుతాను. ఈలోగా మళ్లీ ఎంక్వయిరీకి వొచ్చీయండి.”

ఇంత నిజాయితీపరుణ్ని దేవేంద్ర తన సర్వీసులో చూడలేదు. జోగయ్య భుజం తట్టి, తప్పకుండా వస్తామని మాటిచ్చి జీపెక్కాడు. హారన్ ఊరి చివరిదాకా వినిపించింది.

ఇంటికి రాగానే భార్య ఈశ్వరి అందుకుంది. “ఒక్క కాగితం జాగ్రత్త సెయ్యలేవు, రేపు తుపాకీ ఏటి జాగ్రత్త సేస్తావు? పరువు పోతంది. నీకన్నా ఆ పందులు నయం.”

“పోనీవే. మళ్లీ వస్తామన్నారు కదా.”

“సాల్లే. ఆ సొక్కా ఇయ్యి, ఉతుకుతాను.”

“ఆగు,” అంటూ అతను మొలతాడుకున్న తాళంచెవితో విత్తనాల డబ్బా తెరిచాడు.

చొక్కా లోపలి జేబులోంచి కొటేషన్ తీసి, డబ్బాలో ఉన్న ఫోటోల మీద పెట్టాడు.